గులాబీ రాయి గాజును గీస్తే అది కెంపేనా?

కాదు. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు చేతికొచ్చే గులాబీ రాయి కెంపు కన్నా రోడొలైట్ (గులాబీ రంగు గార్నెట్ రకం) అయ్యే అవకాశమే ఎక్కువ. తూర్పు కనుమల ఖొండలైట్ శిలల్లో గార్నెట్ విరివిగా ఉంటుంది. కలహండిలో కెంపులూ ఉన్నాయి, చిక్కంతా అక్కడే.

గీతకు ఎంత తట్టుకుంటుందో చెప్పే మోస్ కొలతలో గాజు కాఠిన్యం సుమారు 5.5, రోడొలైట్‌ది 7 నుంచి 7.5, కెంపుది 9. రెండూ గాజును గీస్తాయి. ఆ మాటకొస్తే మామూలు క్వార్ట్జ్ కూడా గీస్తుంది. గీత పరీక్షలో తేలేది రాయి గాజు కాదని మాత్రమే, పైగా అంచు పెచ్చు లేచే ప్రమాదం.

తేడా పట్టించేది కాంతి. కెంపు అల్యూమినియం ఆక్సైడ్, లోపలికి వెళ్లిన కాంతిని రెండుగా చీలుస్తుంది. గార్నెట్ మెగ్నీషియం, ఇనుము, అల్యూమినియం ఉన్న సిలికేట్, కాంతిని చీల్చదు. ఇది చూడాలంటే, రెండు పోలరాయిడ్ రేకులను (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టేవి) చీకటి కమ్మేలా అడ్డంగా పెట్టి, మధ్యలో రాయిని ఒక చుట్టు తిప్పండి. కెంపు నాలుగుసార్లు వెలిగి ఆరుతుంది, గార్నెట్ దాదాపు చీకటిగానే ఉంటుంది. కెంపు కూడా ఒక దిశలో చూస్తే వెలిగి ఆరదు, అందుకే రాయిని పక్కకు దొర్లించి మళ్లీ చూడాలి.

బరువును నమ్ముకోవడం మరో పొరపాటు. 2 గ్రాముల కెంపు నీటిలో తూస్తే 0.50 గ్రాము తగ్గితే, అంతే బరువున్న రోడొలైట్ సుమారు 0.52 తగ్గుతుంది. ఆ తేడా చేతి అంచనాకు అసలు అందదు.

గార్నెట్ ఉంగరాన్ని అతికించేటప్పుడు రాయి తీయించండి. మంట తగిలితే పగలొచ్చు.