ఆదివారం పంక్తిని వదులుకోకండి

ప్రశ్న: మాది కావలి. చదువు కోసం ఇంగ్లండులోని లెస్టర్ వచ్చి మూడు నెలలైంది. చేపో మాంసమో లేనిదే ముద్ద దిగని ఇంట్లో పెరిగాను. ఇప్పుడు శాకాహారం వైపు మళ్ళాలని గట్టిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, మాది పెన్న ఒడ్డున కోవూరు. 2006లో నేను ఇదే ఊరికి వచ్చినప్పుడు, నా లెక్కలో కూరగాయలంటే మాంసం దొరకని రోజు తినేవి. రెండేళ్ళ తర్వాత రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువని తేలడంతో ఒక్కరోజులో అన్నీ మానేశాను. దారి చెప్పేవారు లేక నేను పడ్డ తిప్పలు మీరు పడనక్కరలేదు గనుక వివరంగానే రాస్తున్నాను. ఇప్పటి పిల్లలకు ఏ సందేహానికైనా ఫోనులోనే సమాధానం దొరుకుతుంది, కాని కొన్ని విషయాలు అనుభవించినవాళ్ళు చెబితేనే తెలుస్తాయి.

మాంసం తీసేస్తే మిగిలేది శాకాహారమే కదా అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. నెలన్నర పాటు చీజ్ శాండ్‌విచ్‌లు, చిప్స్, సోయాతో చేసిన సాసేజీలు తిని బతికాను. ఇక్కడి కొన్ని దుకాణాలలో చిప్స్‌ను గొడ్డుకొవ్వులో వేయిస్తారని కూడా అప్పటికి నాకు తెలియదు. కడుపు నిండేది గాని, తిన్నానన్న తృప్తి ఉండేది కాదు. ఫోనులో ఆ మాట అంటే మా అమ్మ, "చేప లేకపోతే పులుసు ఎక్కడికి పోయింది అబ్బయ్యా? పులుసు మనదేగా," అన్నది.

నాకు దారి చూపిన మాట అదే. మన నెల్లూరు చేపల పులుసులో నాలుక వెతుక్కునే రుచి చాలావరకు చింతపండులో, మామిడికాయ ముక్కలో, వేయించి దంచిన మెంతులు, ధనియాల పొడిలో ఉంటుంది. బెల్‌గ్రేవ్ రోడ్డులోని గుజరాతీ కొట్లలో చేమదుంపలు దొరుకుతాయి, పెద్ద సూపర్‌మార్కెట్లలో అయితే వాటినే 'ఎడ్డో' అంటారు. వాటిని ఉడికించి, తొక్క తీసి, నూనెలో ఎర్రగా వేయించి పులుసులో వేయండి. వేశాక గరిటె పెట్టకండి, చేపల పులుసుకు చేసినట్టే గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా తిప్పండి. రాత్రి వండి మర్నాడు తినండి. మొదటిసారి నేను సీసాలో దొరికే చింతపండు గుజ్జును, ఇంట్లో పిసికిన రసమే అనుకుని, అరసీసా పోశాను. పులుసు తారులా నల్లబడి, నోట పెట్టలేనంత చేదెక్కింది. అది చాలా చిక్కగా ఉంటుంది, ఇద్దరికి వండే పులుసుకు ఒక చెంచాతో మొదలుపెట్టి రుచి చూసుకోండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయం వంట కాదు. ఆ రోజుల్లో మా వీధి చివరి ఇంట్లో ఆరుగురు తెలుగు కుర్రాళ్ళు ఉండేవారు. ప్రతి ఆదివారం అక్కడ మాంసం వండేవారు, మేమంతా నేల మీద వార్తాపత్రికలు పరుచుకుని కలిసి తినేవాళ్ళం. మాంసం మానిన నేను, వాసనకు మనసు లాగుతుందని భయపడి అక్కడికి వెళ్ళడం మానేశాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదు. డిసెంబరులో ఇక్కడ నాలుగు గంటలకే చీకటి పడుతుంది. గది తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని తినేవాణ్ణి. "ఎవరితో తిన్నావు?" అని అమ్మ అడిగితే ఆ ఆరుగురి పేర్లు చెప్పి అబద్ధమాడాను. మాంసం లేని లోటు నెల తిరిగేసరికి తెలియకుండా పోయింది గాని, మనుషులు లేని లోటు మాత్రం వారం వారం పెరిగింది.

మన పల్లిపాడులో 1921లో పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీజీని తలచుకోండి. రాజకోటలో చాటుగా మాంసం రుచి చూసిన ఆయన, 1888లో లండనుకు వచ్చి, శాకాహార భోజనశాల కోసం మైళ్ళకొద్దీ నడిచారు. శాకాహారాన్ని మనసారా స్వీకరించాక గదిలో ఒంటరిగా ఉండిపోలేదు. శాకాహార సంఘంలో చేరి, తాను నివసించిన బేస్‌వాటర్‌లో ఒక చిన్న క్లబ్బు కూడా పెట్టారు. శాకాహారమే ఆయనకు ఆ ఊళ్ళో స్నేహితులను సంపాదించి పెట్టింది. నాకు ఆ మేలు చేసింది గురుద్వారా. మా సహోద్యోగి ఒకాయన మార్చిలో నన్ను అక్కడి లంగరుకు, అంటే అందరికీ ఉచితంగా పెట్టే పంక్తి భోజనానికి, తీసుకువెళ్ళాడు. ఎవరు వచ్చినా వరుసలో కూర్చోబెట్టి పప్పు, రొట్టె వడ్డించారు. అంతమంది మధ్య కూర్చుని తిని ఐదు నెలలైందని ఆ రోజే లెక్క వేసుకున్నాను, కళ్ళు చెమర్చాయి.

మిగతా సంగతులు క్లుప్తంగా చెబుతాను. చాలా జెల్లీ మిఠాయిలలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్, పార్మేజాన్ చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ ఉంటాయి కనుక పొట్లం మీది వివరాలు చదవండి. పాలు, పెరుగు, గుడ్లు కూడా మానదలిస్తే బి12 విటమిన్ గురించి డాక్టరును అడగండి. ఇంటి నుంచి మాంసం పచ్చళ్ళు, నెయ్యి తేవడానికి ఇక్కడి నిబంధనలు ఒప్పుకోవు, ఆ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి.

ఈ శనివారం రాత్రే చేమదుంపల పులుసు వండండి. నలుగురికి సరిపడా వండి, ఆదివారం మీ మిత్రుల ఇంటికి గిన్నెతో సహా వెళ్ళండి. మీ పులుసుకు వేరే గరిటె పెట్టమని ముందే చెప్పండి, ఎవరూ తప్పుగా అనుకోరు. నేను చివరికి మార్చి నెలాఖరులో అలా వెళితే, మాంసం గిన్నె పక్కనే నా గిన్నె కూడా ఖాళీ అయింది.