సిస్నాందోని గవర్నరనాలా, వజీరనాలా?

సందేహం: పదకొండో శతాబ్దంలో కోయింబ్రాని (ఇప్పటి పోర్చుగల్) ఏలిన సిస్నాందో దావిదిస్ గురించి వ్యాసం రాస్తున్నానండి, ఇంగ్లీషు పుస్తకాల్లో గవర్నర్ అనుంది. అలాగే ఉంచెయ్యాలా, మండలేశ్వరుడు అనొచ్చా?

సమాధానం: గవర్నర్ అనగానే మనవాళ్ళకి రాజ్‌భవనే గుర్తొస్తుందండి, ఈయన పని అది కాదు కదా. 1064లో లియోన్ (ఇప్పటి స్పెయిన్‌లోని ఒక రాజ్యం) రాజు ఫెర్నాండో కోయింబ్రాని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకుని ఈయన చేతిలో పెట్టాడు, ఇక అప్పట్నుంచి 1091లో పోయేదాకా కోటలు బాగుచేయించడం, పాడుపడ్డ ఊళ్ళకి మళ్ళీ జనాన్ని రప్పించడం, భూములు రాసివ్వడం, తగువులు తీర్చడం అన్నీ ఈయనవే. మండలేశ్వరుడు కూడా వద్దు, కాకతీయుల శాసనాల్లో మహామండలేశ్వర అని చదివినవాళ్ళకి తరతరాల సామంతులు గుర్తొస్తారు, ఈయనేమో రాజు నియమించినవాడు.

అసలు అప్పటి పత్రాలే మనకి మంచి మాట అందిస్తున్నాయి. కోయింబ్రా పెద్ద చర్చి దానపత్రాలు లాటిన్‌లో ఉంటాయి, వాటిలో ఈయన ఒకచోట కాన్సుల్ (పాత రోమన్ అధికారి బిరుదు), ఇంకోచోట అల్వజీర్. అంటే మన వజీరేనండి! ఈయన క్రైస్తవుడే గానీ సెవిల్‌లో ముస్లిం రాజు కొలువులో పనిచేసి వచ్చాడు, అరబ్బీ బిరుదు లాటిన్ పత్రంలోకి ఎక్కిందంటే ఈయన బతుకంతా ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది నాకైతే. అక్కడివాళ్ళకి అరబ్బీ నేరుగా చెవినపడింది కాబట్టి ముందున్న అల్ (అరబ్బీలో ఇంగ్లీషు the లాంటిది) కూడా అతుక్కుపోయింది, తర్వాత చివరి ర కాస్తా ల అయి పోర్చుగీసులో అల్వజిల్ అయింది. మనకి పారశీకం మీదుగా వచ్చింది కాబట్టి అల్ లేదు. స్పానిష్‌లో ఇదే మాట అల్గువాసిల్ అయి కోర్టు ఉద్యోగి స్థాయికి దిగిపోయింది, మొగలుల నాడు సుబా మొత్తాన్ని ఏలిన సుబేదారు ఇవాళ సైన్యంలో చిన్న అధికారి అయినట్టు.

కాబట్టి మీరు కథ చెప్పేచోట "పాలకుడు" అనండి, పత్రంలో మాట చెప్పేచోట "వజీరు" అని ఉంచండి, మంత్రి అని మాత్రం మార్చకండి.

ఇంకోటి, తారీఖులు చూసుకోండి. 1087 నాటి ఆయన వీలునామాకి అక్కడి లెక్కలో సంవత్సరం 1125. క్రీస్తుశకం రావాలంటే మనం శాలివాహన శకానికి 78 కలుపుతాం, ఇక్కడ 38 తీసెయ్యాలి.