స్ఫటికంపై ఎలక్ట్రాన్ల అల్లికను చిత్రించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోపు (సూది మొనకూ ఉపరితలానికీ మధ్య పారే కరెంటుతో పరమాణువులను చిత్రించే పరికరం) మీద పని మొదలుపెడుతున్నావనీ, తొలి నమూనాగా 1టీ రకపు టాంటలం డైసల్ఫైడ్ ఇచ్చారనీ మీ అమ్మ చెప్పింది. కొత్తవారికి అంతకంటే అనుకూలమైన పదార్థం దొరకదు. నయోబియం డైసెలినైడ్ అయితే ఆవేశ సాంద్రతా తరంగం (ఎలక్ట్రాన్లు స్ఫటికంలో ఒక క్రమంలో దట్టంగా, పలచగా అమరే అల్లిక) కోసం 33 కెల్విన్ల దిగువకు చల్లబరచాలి. టాంటలం డైసల్ఫైడ్‌లో దానిని గది ఉష్ణోగ్రతలోనే చూడవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పైపొరను ఊడదీయడానికి కావాలి. పొరల మధ్య బంధం బలహీనం గనుక, స్ఫటికం నెత్తిన చిన్న కడ్డీని ఎపాక్సీతో అంటించి, శూన్యపు గదిలోకి పంపాక దానిని పక్కకు తట్టి పడగొడితే తాజా ఉపరితలం బయటపడుతుంది. అయితే నమూనా కింద వేసిన ఎపాక్సీ అంచుల మీదుగా పైకి ఎగబాకితే పొరలన్నీ కుట్టేసినట్టు బిగుసుకుపోతాయి కాబట్టి జిగురు పిసరంత చాలు.

సూది మొనను ముందుగా బంగారంపై సరిచూసుకో. మొనకూ ఉపరితలానికీ మధ్య దూరం ఒక్క ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) పెరిగితే కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది గనుక, సి.వి. రామన్ రోడ్డు మీద రద్దీ తగ్గి కంపనాలు సద్దుమణిగే రాత్రివేళే మంచి కొలతలకు అనువైనది. (క్యాంటీన్ మూసేలోపు భోజనం చేసి వెళ్లు.)

తెరపై అందమైన అల్లిక కనబడగానే నమ్మవద్దు. స్కాన్ వేగం మార్చి చూడు: గీతల మధ్య ఎడం కూడా మారితే అది 50 హెర్ట్జ్ విద్యుత్తు రొదే. స్కాన్ దిశను తిప్పి చూడు: నిజమైన అల్లిక స్ఫటికంతోపాటే తిరగాలి. ప్రతి మచ్చ పక్కనా అదే దిశలో దాని జంట కనిపిస్తే మొన రెండుగా చీలిందన్నమాట. తరువాత ఫోరియర్ రూపాంతరం తీసుకో; చిత్రంలో మళ్లీ మళ్లీ వచ్చే ఎడాలను అది చుక్కలుగా చూపుతుంది, ఎడం పెద్దదైతే చుక్క కేంద్రానికి దగ్గరగా పడుతుంది. చల్లబరుస్తూ 180 కెల్విన్ల దిగువకు వెళ్లాక 13 టాంటలం పరమాణువులు ఆరు కోణాల నక్షత్రంగా కూడతాయి. ఆ నక్షత్రాల ఎడం సుమారు 12 ఆంగ్‌స్ట్రామ్‌లు, అసలు పరమాణు జాలకపు ఎడం 3.36 మాత్రమే. అందుచేత నక్షత్రాలవైన లోపలి ఆరు చుక్కలు జాలకానివైన బయటి ఆరు చుక్కలకు 13.9 డిగ్రీల వాలులో ఉండి తీరాలి. ఈ కోణం కుదరకపోతే, చిత్రం ఎంత ముచ్చటగా ఉన్నా, నేనైతే దానిని లెక్కలోకి తీసుకోను.

వోల్టేజి గుర్తు మార్చి అదే చోటును మళ్లీ తీయడం మరువకు. ఎలక్ట్రాన్లు నిండిన స్థితులు, ఖాళీ స్థితులు వేరువేరుగా తెలిసేది అప్పుడే.

నాకు పంపేటప్పుడు రంగులు దిద్దిన చిత్రం వద్దు. ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకూ తీసిన రెండు ముడి చిత్రాలనూ వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత వివరాలతో కలిపి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య