ఆటల అరుగు: ముగ్గురికే డబ్బంతా పోస్తే ముఠా ఎలా నడుస్తుంది?

ఈ నెల ఉత్తరాల్లో మూడు అమెరికా ఫుట్‌బాల్ మీదే వచ్చాయి. మూడూ మన రెండు ఊళ్లవే. కబడ్డీ, క్రికెట్ ప్రశ్నలు వచ్చే నెలకి ఆపాను. పంపినవాళ్లు తిట్టుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి సిన్సినాటిలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి బెంగాల్స్ టీమ్ అంటే వాడికి ప్రాణం. సోమవారం పొద్దున ఫోన్‌లో వాడి ‘హలో’ వినగానే గెలిచారో ఓడారో నాకు తెలిసిపోతుంది. ఓడినప్పుడల్లా ఒకటే పాట: ‘లైన్ బాలేదమ్మా, బాగుచేద్దామంటే క్యాప్‌లో డబ్బుల్లేవు’ అంటాడు. అంత డబ్బున్న ఆటలో డబ్బుల్లేకపోవడం ఏంటండీ? ఆ లైన్‌ని బాగుచేసే దారే లేదా? కాస్త అర్థమయ్యేలా చెప్తే వాడితో నాలుగు మాటలు మాట్లాడటానికి పనికొస్తుంది.
(పేరు వేయొద్దన్న ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెప్తాను, ఫోన్‌లో మీరు వాడికి చెప్పండి.

ముందు లైన్ అంటే ఏంటో చూద్దాం. బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడి ముందు ఐదుగురు భారీ మనుషులు గోడ కడతారు. మధ్యలో సెంటర్, వాడికి చెరో పక్క గార్డు, రెండు కొసల్లో ట్యాకిల్స్. ఎదుటివాళ్లు దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేయకుండా రెండు మూడు సెకన్లు ఆపడం వీళ్ల పని. బంతి చేతిలో ఉండగానే వాణ్ణి పడేస్తే దాన్ని శాక్ అంటారు. మీవాడు సోమవారం పొద్దున విసుక్కునేది దాని గురించే.

ఇక క్యాప్. ఒక్కో టీమ్ ఆటగాళ్ల జీతాలకి ఏడాదికి ఇంతే ఖర్చుపెట్టాలని లీగ్ గీసిన గీత అది. 1994లో మొదలైనప్పుడు 3.46 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్ల డాలర్లు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆ గీత దాటడానికి లేదు. ఆ డబ్బులోనే 53 మందిని సర్దుకోవాలి. బెంగాల్స్ ఏం చేశారంటే, 2023లో క్వార్టర్‌బ్యాక్ జో బర్రోకి ఐదేళ్లకి 27.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2025 మార్చిలో బంతి పట్టే ఇద్దరికి, జమార్ చేజ్‌కి నాలుగేళ్లకి 16.1 కోట్లు, టీ హిగ్గిన్స్‌కి నాలుగేళ్లకి 11.5 కోట్లు. మీవాడి బాధ ఇక్కడుంది. నేనేమీ వాళ్లని తప్పుపట్టను. ముగ్గురూ ముగ్గురే. కానీ ఇంట్లో డబ్బంతా పెళ్లికొడుకు సూటుకే పోస్తే పందిరి రాటలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

మన దగ్గరా ఇదే జరిగింది కదా. 2023 కబడ్డీ వేలంలో ఒక్కో టీమ్‌కి పర్సు 5 కోట్ల రూపాయలు. తెలుగు టైటాన్స్ అందులో 2.60 కోట్లు పవన్ సెహ్రావత్ అనే ఒక్క రైడర్‌కే పోశారు. గొప్ప రైడరే. అయినా ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకి 2 గెలిచి అట్టడుగున కూర్చున్నాం. అదే వేలంలో పుణె వాళ్లు 2.35 కోట్లు పెట్టి ఇరాన్ డిఫెండర్ షాద్లూయ్‌ని కొని కప్పు ఎత్తుకుపోయారు. కాలేజీ రోజుల్లో నేను ఆడింది లెఫ్ట్ కార్నర్. కాబట్టి డిఫెండర్ల వైపు నాకు కాస్త మొగ్గు ఉందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు బాగుచేసే దారి. నేను ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశాను. యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీకి ఎత్తే ముఠాని ఏళ్ల తరబడి చూశాను. ఒక సీజన్‌లో మా షావుకారుకి తొందరెక్కువై, పక్క ముఠాలో బాగా బలమున్న ఒకతన్ని ఎక్కువ కూలీ ఇస్తానని తెచ్చి మా ముఠాలో కలిపాడు. పని పెరగాల్సింది పోయి తగ్గింది. అతను రెండు టిక్కీలు మోసే లోపు పక్కన ఉన్న నీరసం మనిషి దగ్గర వరస ఆగిపోయేది. లారీ రాత్రి పదింటికి కదిలింది. మర్నాడు మేస్త్రి ఆ బలవంతుణ్ణి అలాగే ఉంచి, నీరసం మనిషి చోట ఒక మామూలు కుర్రాణ్ణి పెట్టాడు. ఎనిమిదింటికే తాళం వేసుకుని ఇంటికెళ్లాను.

అమెరికా ఫుట్‌బాల్ లైన్ కూడా అంతే. నలుగురు దిట్టలు, ఒకడు మెతక అయితే ఎదుటివాళ్లు ఆ నలుగురి జోలికే పోరు, మెతకవాడి మీదకే మనుషుల్ని తోలుతారు. కాబట్టి డబ్బు తక్కువున్నప్పుడు మొదటి ఖర్చు మంచివాణ్ణి గొప్పవాణ్ణి చేయడానికి కాదు, అధ్వాన్నంగా ఉన్నవాడి చోట పర్లేదనిపించేవాణ్ణి తేవడానికి. ఇది చవక కూడా. ఆడేది కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ అయితే వాడికి వీపు వైపు ఉండేది ఎడమ ట్యాకిల్. అందుకే ఆ చోటు ఖరీదు. గార్డులు, సెంటర్ మామూలుగా అంతకన్నా తక్కువకే దొరుకుతారు.

బెంగాల్స్ ఇది అసలు చేయలేదా అంటే, చేశారు. 2021 సీజన్‌లో బర్రోని 51 సార్లు పడేశారు. ప్లేఆఫ్స్‌లో టెనెసీ వాళ్లు ఒక్క మ్యాచ్‌లోనే తొమ్మిదిసార్లు పడేస్తే కూడా 19-16తో గెలిచాడు, మొండివాడు. 2022 ఫిబ్రవరి 13న సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్‌లో, ఏడు శాక్‌లు, 23-20తో ఓటమి. దాంతో ఆ వేసవికి అలెక్స్ కాపా, టెడ్ కారస్, లాయెల్ కాలిన్స్ అని లైన్ కోసం ముగ్గుర్ని ఒకేసారి కొన్నారు. శాక్‌లు 41కి తగ్గాయి. అంతవరకు బాగుంది.

ఆ తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను. 2023 జనవరిలో కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. బయట మంచు, లోపల అల్లుడు, అతని స్నేహితులు పదిమంది, ఎర్ర చొక్కాలు, మిరపకాయ బజ్జీలు (పిండి కలిపింది నేనే). బెంగాల్స్‌కీ, కాన్సస్ సిటీ టీమ్ చీఫ్స్‌కీ సెమీఫైనల్. కాపా, కాలిన్స్, ఎడమ ట్యాకిల్ జోనా విలియమ్స్, ముగ్గురూ గాయాలతో బయటే. వాళ్ల చోట ఆడిన బెంచి మీది మనుషుల్ని చీఫ్స్ ఐదుసార్లు ఛేదించారు. చివరికి చీఫ్స్ 23-20తో గెలిచారు. ఆఖర్లో బెంగాల్స్ కుర్రాడొకడు చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని గీత బయట నెట్టి పెనాల్టీ తెచ్చాడని అందరూ వాణ్ణే తిట్టారు. నాకు మాత్రం ఆ బెంచియే కనపడింది. ముఠాకి ఐదుగురు చాలరమ్మా. ఆరో మనిషి, ఏడో మనిషి కూడా పని తెలిసినవాళ్లు అయ్యుండాలి. పెద్ద జీతాలు అయ్యాక ఎంతోకొంత వీళ్ల కోసం పక్కన పెట్టాలి. ఎవరూ పెట్టరు.

అదే రోజు నేను చీఫ్స్ లైన్ కథ కూడా విన్నాను. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో వాళ్ల ట్యాకిల్స్ ఇద్దరూ గాయాలతో లేరు. మహోమ్స్ ఆ రోజు ఆడినదానికన్నా పరిగెత్తిందే ఎక్కువ, 31-9తో ఓడారు. కోవిడ్ వల్ల ఆ ఏడాది క్యాప్ 19.82 కోట్ల నుంచి 18.25 కోట్లకి పడిపోయింది కూడా. అయినా లైన్ మొత్తం మార్చేశారు. జో థూనీ అనే గార్డుకి ఐదేళ్లకి 8 కోట్లు పెట్టారు. ఓర్లాండో బ్రౌన్ అనే ట్యాకిల్‌ని బాల్టిమోర్ నుంచి డ్రాఫ్ట్ హక్కులిచ్చి తెచ్చుకున్నారు (డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు ఏటా వంతులవారీగా ఎంచుకోవడం). అసలు తెలివి మిగతా ఇద్దరిలో ఉంది. సెంటర్ క్రీడ్ హంఫ్రీని డ్రాఫ్ట్‌లో 63వ మనిషిగా, గార్డు ట్రే స్మిత్‌ని 226వ మనిషిగా ఎంచుకున్నారు. స్మిత్‌కి కాలేజీలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని మిగతావాళ్లు భయపడి వదిలేశారు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాళ్ల జీతం 2011 నుంచి ఎంచుకున్న స్థానాన్ని బట్టే ఉంటుంది, నాలుగేళ్ల వరకూ పెద్దగా మారదు. అంటే దేశంలోనే మేలైన సెంటర్, గార్డు నాలుగేళ్లు దాదాపు చిల్లరకి దొరికారు. 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఎదురుగా ఉన్నది ఆ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా. మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడేయలేకపోయారు. 38-35.

ఇందులో ఇంకో మాట. లైన్‌లో ఎదుటివాళ్లు ఇద్దరు అడ్డంగా దారులు మార్చుకుంటూ వస్తారు. అప్పుడు ట్యాకిల్ తన మనిషిని గార్డుకి అప్పజెప్పి, గార్డు మనిషిని తను అందుకోవాలి. ఆలోచించే టైముండదు. కబడ్డీలో పక్కపక్క డిఫెండర్లు చేయి చేయి పట్టుకుని కదిలినట్టు. అది కలిసి ఆడితేనే వస్తుంది, కొంటే రాదు. ఏటా ఇద్దర్ని మారుస్తూ పోతే ఎంత డబ్బు పెట్టినా ఆ కుదురు రాదు.

చవక కుర్రాళ్లు పెద్దవాళ్లయితే? అదీ చీఫ్స్‌కే వచ్చింది. 2024లో హంఫ్రీకి 7.2 కోట్లు, 2025లో స్మిత్‌కి 9.4 కోట్లు, రెండూ నాలుగేళ్లకి. ఇద్దర్నీ ఉంచుకోవాలంటే మూడోవాడు పోవాలి. థూనీని షికాగోకి ఇచ్చేశారు. మంచి ముఠా నడిపేవాడికి ఎవర్ని ఎప్పుడు వదలాలో తెలియాలి, అది మిగతా అన్నిటికన్నా కష్టం. ఎడమ ట్యాకిల్ చోటు సరిగా కుదరక 2025 ఫిబ్రవరి ఫైనల్‌లో మహోమ్స్‌ని ఆరుసార్లు పడేశారు. అంత తెలివైనవాళ్లకే ఇలా అయింది.

సోమవారం ఫోన్‌లో మీవాణ్ణి ఈ ఒక్కటి అడగండి: “మీ ఐదుగురిలో అందరికన్నా మెతక ఎవర్రా? వాడి చోటికి ఈసారి డ్రాఫ్ట్‌లో ఎవర్ని చూస్తున్నారు?” అరగంట మాట్లాడతాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి వంట చేసుకోండి.

ప్రశ్న: క్యాప్ ఉంది అంటూనే ఆ టీమ్‌లు వందల కోట్ల కాంట్రాక్టులు ఇస్తున్నాయి. ఇది లెక్కల గారడీయా?
(బీకాం విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: గారడీ కాదు బాబూ, చేబదులు. ఆటగాడికి సంతకం రోజున ఇచ్చే బోనస్ వాడి చేతిలో వెంటనే పడుతుంది. క్యాప్ లెక్కలో మాత్రం ఐదేళ్ల దాకా ముక్కలు చేసి రాసుకోవచ్చు. 2021లో చీఫ్స్ మహోమ్స్ జీతంలో కొంత ఇలా బోనస్‌గా మార్చి ఆ ఏడాది దాదాపు 1.7 కోట్ల డాలర్లు ఖాళీ చేసుకున్నారు. లైన్ కొనడానికి ఉపయోగపడ్డ డబ్బులో అదీ ఉంది.

కానీ చేబదులు తీర్చాలి కదా. మధ్యలో ఆటగాణ్ణి తీసేస్తే మిగిలిన ముక్కలన్నీ వచ్చి మీద పడతాయి. ఆడనివాడికి రాసే ఆ ఖర్చుని డెడ్ మనీ అంటారు. 2024లో డెన్వర్ వాళ్లు రస్సెల్ విల్సన్‌ని వదిలేసినందుకు రెండేళ్లలో మొత్తం 8.5 కోట్ల డాలర్లు ఇలా రాసుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బుతో ఒక మంచి లైన్ మొత్తం వచ్చేది. నన్నడిగితే ఈ చేబదులు క్వార్టర్‌బ్యాక్ మీద తీసుకోవచ్చు, వాడు పదేళ్లు ఉంటాడు. ముప్పై దాటిన ట్యాకిల్ మోకాలి మీద అప్పు చేయకూడదు. మా కొట్లో ముసలి ఎద్దు మీద బండి అప్పు ఇవ్వమని ఒకాయన వచ్చేవాడు. షావుకారు టీ ఇచ్చి పంపేవాడు.

ప్రశ్న: మా అఖాడాలో 130 కిలోల కుర్రాడున్నాడు, మంచి బలం. అమెరికా ఫుట్‌బాల్ లైన్‌లో పనికొస్తాడా? ఊరికే అడుగుతున్నాను.
(కుస్తీ నేర్పే ఒక పెద్దాయన, గుణదల, విజయవాడ)

జవాబు: ఊరికే అడిగినా మంచి ప్రశ్న అడిగారు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడే జోర్డాన్ మైలాటా అనే కుర్రాడు అమెరికా ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండా 2018 డ్రాఫ్ట్‌లో 233వ మనిషిగా ఫిలడెల్ఫియాకి వెళ్లాడు. మొదటి రెండు సీజన్లు మ్యాచే ఆడలేదు. జెఫ్ స్టౌట్‌లాండ్ అనే లైన్ కోచ్ కాళ్లు ఎలా కదపాలో మొదటి నుంచి నేర్పాడు. 2021కి నాలుగేళ్లకి 6.4 కోట్ల డాలర్ల ఎడమ ట్యాకిల్ అయ్యాడు, 2025లో సూపర్ బౌల్ గెలిచాడు. పై ఇద్దరికీ చెప్పడం మర్చిపోయిన సంగతి ఇక్కడ చెప్తున్నాను: కోచ్ జీతం క్యాప్ లెక్కలోకి రాదు. ఎంతైనా ఇచ్చుకోవచ్చు. లైన్‌ని బాగుచేసుకోవాలనే టీమ్ ముందు కొనాల్సింది కోచ్‌ని.

మీవాడి సంగతికొస్తే, మైలాటా ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. మీవాడిది ఎంతో రాయలేదు. ఎత్తు తక్కువైతే ట్యాకిల్ కష్టం, గార్డు అనుకోవచ్చు. వాణ్ణి అడ్డంగా పక్కకి పది అడుగులు, వెనక్కి పది అడుగులు పరిగెత్తించి, నడుము పైకి లేస్తోందో లేదో చూడండి. వీడియో తీస్తే ఇంకా మంచిది. పత్రిక అడ్రసుకి పంపండి, అల్లుడికి చూపిస్తాను.