ఒడిశాలో సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో రాస్తే తీసుకుంటారా?

తీసుకోరండి. మీ నాన్నగారి దరఖాస్తు బ్లాకు ఆఫీసు నుంచి తిరిగొచ్చిందని రాశారు. నాదైతే రెండుసార్లు తిరిగొచ్చింది.

మాది గజపతి జిల్లా. ఇంట్లో, సంతలో, రచ్చబండ దగ్గర అంతా తెలుగే. మా ఊరి చెరువులో పూడిక తీశామని బోర్డు పెట్టారు. దిగిన గేదెకి మోకాళ్లు కూడా మునగడం లేదు. ఎంత తవ్వారో ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) చూద్దామని తెల్లకాగితం మీద తెలుగులో రాసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి పంపాను. ఇది పాతపట్నంలో ఉండే మా మావయ్య సలహా. ఆయన్ని అనడానికీ లేదు, ఆంధ్రాలో రూలే వేరు. అక్కడ గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజే లేదు, మండలానికి 5 రూపాయలు. 2005 సమాచార హక్కు చట్టం అందరికీ ఒకటే అయినా ఫీజులూ ఫారాలూ ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

ఇక్కడ ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు జిరాక్సు పెట్టాలి. 10 రూపాయలు కోర్టు ఫీజు స్టాంపుగానో నగదుగానో ఇవ్వాలి. ఇంగ్లీషులో ఫారం నింపి పంపితే, రెండోసారి పోస్టల్ ఆర్డర్ చెల్లదని వెనక్కొచ్చింది. భాష సంగతి సెక్షన్ 6(1)లో ఉంది: ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష. మన వీధిలో ఎందరు తెలుగు మాట్లాడినా ఇక్కడ అధికార భాష ఒడియా. (1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్లం కదా అని గుమస్తాతో వాదించాను. నవ్వి టీ ఇప్పించాడు, కాగితం మాత్రం ముట్టుకోలేదు.)

రాసివ్వలేనివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. మీ నాన్నగారు అడిగి చూడొచ్చు. నేను చూసిన ఆఫీసులో అంత ఓపిక ఎవరికీ లేదు. ఇంగ్లీషులో రాయించుకోవడమే మేలు.

మూడోసారి తీసుకున్నారు. 30 రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఫారం-డితో, 20 రూపాయల స్టాంపుతో మొదటి అప్పీలు వేస్తే అప్పుడు కదిలారు. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతుంది. అప్పీలులో ఆ మాట రాశాను కాబట్టి జిరాక్సు డబ్బులు అడగలేదు, మీరూ రాయండి. జవాబు ఒడియాలో వచ్చింది. నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పక్కింట్లో పదో తరగతి పిల్ల చదివిపెట్టింది. బిల్లులన్నీ ఉన్నాయి, కొలతల పేజీల్లో లోతు గడి మాత్రం ఖాళీ.

ఇంకోసారైతే కాపీలు అడగను. సెక్షన్ 2(జె) కింద రికార్డునీ పనినీ స్వయంగా చూస్తానని అడుగుతాను. చెరువు గట్టు మీద నిలబడి ఎం.బుక్ తెరిస్తే ఏ భాషా అక్కర్లేదు.

ఆ ఖాళీ గడి మీద 90 రోజుల్లోపే భువనేశ్వర్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేశాను, 25 రూపాయల స్టాంపుతో. ఇంకా పిలుపు రాలేదు.