నర్సింగ్‌లో చేరేలోపు పేషెంట్ల దగ్గర పని ఎక్కడ నేర్చుకోవాలి? గుంటూరులో నా అనుభవం

చెల్లీ, ఇంటర్ బైపీసీ అయిపోయింది, బీఎస్సీ నర్సింగ్ కౌన్సెలింగ్ దాకా ఖాళీయే, ఈలోపు గుంటూరులో ఏ ఆసుపత్రిలోనైనా పని నేర్పుతారా అని అడిగావు కదా. నేర్పుతారు. కాకపోతే సూది చెయ్యడం, సెలైన్ పెట్టడం అనుకుని వెళ్లకు. పేషెంటుని కూర్చోబెట్టడం, తినిపించడం, తుడవడం, పక్కకి తిప్పడం, ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

నాకు ఇంటర్ అయిన ఎండాకాలంలోనే మా నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, కొత్తపేటలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో 12 రోజులు ఉంచాం, అమ్మ మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్లేది కాబట్టి పగలంతా నేనే ఉండేదాన్ని. మూడోరోజు దాహం అన్నట్టు సైగ చేస్తే పడుకుని ఉండగానే స్పూనుతో నోట్లో నీళ్లు పోశాను. పొలమారింది. ఊపిరాడనంత దగ్గు, కళ్లు పెద్దవైపోయాయి, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క బెడ్ దగ్గరున్న సిస్టర్ పరిగెత్తుకొచ్చి మంచం తలవైపు లేపి, ఆవిణ్ణి పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసింది. తర్వాత నన్ను ఒక్క మాట అనకుండా దగ్గరుండి చూపించింది, మింగగలదని డాక్టరు చెప్పేదాకా నోట్లో ఏమీ పొయ్యకూడదు, చెప్పాక కూడా నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి వంచి బాగున్న వైపు బుగ్గలో కొంచెం పెట్టాలి, మింగిందని చూసుకున్నాకే ఇంకో స్పూను, అయిపోయాక కూడా ఓ అరగంట అలాగే కూర్చోబెట్టాలి. కాలేజీలో ఆస్పిరేషన్ (తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోవడం) పాఠం వచ్చిన రోజు అందరూ నోట్స్ రాసుకుంటుంటే నాకు నాయనమ్మ దగ్గే వినపడింది.

ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పక్కకి తిప్పేదాన్ని, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడాలి, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మన రంగుకి ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చేత్తో తాకి చూడు, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ఆ తర్వాత ఒక చిన్న నర్సింగ్ హోంలో నెలన్నర హెల్పర్‌గా చేశాను. పెద్దాసుపత్రిలో ఎలాగూ నర్సింగ్ పిల్లలు క్లినికల్స్‌కి (వార్డుల్లో ప్రాక్టీసుకి) వస్తుంటారు, బయటివాళ్లకి చోటు దొరకడం కష్టం, అందుకే నువ్వు కొత్తపేటలోనో, విజయవాడలో చుట్టాలుంటే సూర్యారావుపేటలోనో 20, 30 బెడ్లున్న చోట అడుగు. రిసెప్షన్‌లో అడిగితే లేదంటారు, నర్సింగ్ ఇన్‌ఛార్జిని కలువు, అమ్మనో నాన్ననో వెంటబెట్టుకెళ్లు. ఆయాల దగ్గర వెయ్యమని నువ్వే అడుగు. పేషెంటుని లేపకుండా కింద దుప్పటి మార్చడం నాకు నేర్పింది 20 ఏళ్లుగా అదే పని చేస్తున్న ఆయమ్మే, పాతదాన్ని వీపు వెనక పొడుగ్గా చుట్టేసి కొత్తది దాని పక్కనే పరిచి, ఒక్కసారి ఇటు దొర్లించి పాతది లాగేస్తుంది, పేషెంటుకి నొప్పి తెలీదు. నేనిప్పటికీ అలాగే చేస్తా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. స్టాఫ్ తక్కువున్న రోజు నన్ను ఇంజెక్షన్ చెయ్యమన్నారు, నేను చెయ్యనన్నాను, రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నారు, అయినా ఫర్లేదు. చదువూ రిజిస్ట్రేషనూ లేకుండా ఎవరి ఒంట్లోకీ సూది దింపకూడదు, నిన్ను అడిగినా వద్దను. బీపీ, టెంపరేచర్, పల్స్ చూడటం నేర్పమంటే నేర్పుతారు, అవి చాలు.

ఈ అనుభవానికి సీటు దగ్గర మార్కులేం కలవవు. కానీ వాసన, మలమూత్రాలు, అర్ధరాత్రి ఏడుపులు నువ్వు తట్టుకోగలవో లేదో నాలుగేళ్ల కోర్సుకి ఫీజు కట్టకముందే తెలుస్తుంది, మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి అది ఫస్టియర్ మధ్యలో తెలిసింది, పాపం ఇంట్లో చెప్పుకోలేక చాలా నలిగిపోయింది.

వెళ్లేముందు హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టు, మొత్తం మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెల రోజులకి రెండోది, ఆరు నెలలకి మూడోది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకో, ఉంగరాలూ గాజులూ తీసేసి వెళ్లు, ఒక పేషెంటు నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోకుండా వెళ్లకు. ఎక్కడైనా ఒప్పుకుంటే ఇక్కడే చెప్పు, మొదటి వారం ఏమేం చూసుకోవాలో రాస్తా.