తొలి క్రైస్తవులను రోమన్లు ‘నాస్తికులు’ అని ఎందుకు తిట్టారు? వీళ్ళు తిరిగి ఏమీ అనలేదా?

అనకేం, అన్నారు. మా చర్చిలో పెద్ద పిల్లలకు సంఘ చరిత్ర చెబుతుంటాను. "దేవుడి కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు నాస్తికులేంటి సార్?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

రోమన్లకు భక్తి అంటే ఊరందరితో కలిసి దేవుళ్ళకు బలులివ్వడం. గుడి, విగ్రహం, బలి ఏదీ వద్దనేవాళ్ళు వాళ్ళ లెక్కలో దేవుడు లేనివాళ్ళే. పైగా దేవుళ్ళకు కోపమొస్తే కీడు ఊరంతటికీ. టైబర్ నది పొంగినా, నైలు పొంగకపోయినా, కరువొచ్చినా జనం 'క్రైస్తవుల్ని సింహానికెయ్యండి' అంటున్నారని 197 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ వాపోయాడు.

రెండో శతాబ్దం నడుమ స్ముర్నలో (ఇప్పటి టర్కీలోని ఊరు) ముసలి బిషప్ పోలికార్పును స్టేడియంలో నిలబెట్టి, 'నాస్తికులు పోవాలి' అని పలకమన్నాడు రోమన్ అధిపతి. ఆయన చుట్టూ ఉన్న జనాన్ని కలయజూసి, వాళ్ళవైపే చెయ్యి ఊపి, ఆకాశంలోకి చూసి అదే మాట అన్నాడు. తర్వాత ఆయన్ను మంటల్లో నిలబెట్టి చంపారు. ఇది చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొడతారు.

ఒక క్రైస్తవుణ్ణి వెక్కిరిస్తూ గీసిన గోడగీత ఫొటో ఒకటి కూడా చూపిస్తాను. రోమ్‌లో పాలటైన్ కొండ మీద 1857లో బయటపడింది. సిలువ మీద గాడిద తలకాయ మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ కుర్రాడు, 'అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు' అని గ్రీకులో వంకర అక్షరాలు. పక్క గదిలో వేరే చేతిరాతతో, లాటిన్‌లో 'అలెక్సామెనోస్ విశ్వాసి' అని ఉంది. నాకు ఆ రెండో గీతే ఎక్కువ ఇష్టం.

కథ అక్కడ ఆపేస్తే సగమే చెప్పినట్టు. నాలుగో శతాబ్దంలో అధికారం క్రైస్తవుల చేతికొచ్చింది. అన్యుల దేవుళ్ళు దయ్యాలన్న మాట ముందు నుంచీ ఉన్నదే, ఇప్పుడు దానికి చట్టం తోడైంది. క్రైస్తవ సన్యాసులు గుళ్ళు కూలగొడుతుంటే, ఈ నల్లబట్టలవాళ్ళు ఏనుగుల కంటే ఎక్కువ తింటారని అంతియొకయలో పాత దేవుళ్ళను కొలిచే వక్త లిబానియస్ తిట్టిపోశాడు. అప్పటికి అతని వైపువాళ్ళకు నోరు తప్ప ఇంకేం మిగల్లేదు. 415లో అలెక్సంద్రియలో క్రైస్తవ మూక, క్రైస్తవురాలు కాని తత్వవేత్త హైపేషియాను చంపేసింది. ఆ తర్వాత వచ్చిన ఒక క్రైస్తవ చరిత్రకారుడు ఆవిడను మంత్రగత్తె అనే రాశాడు.

పోలికార్పు కథ చెప్పిన వారమే ఇదీ చెబుతాను. సంఘంలో ఒకరిద్దరు పెద్దలు "పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అన్నారు. మా పిల్లలు రోజూ కూర్చునే బెంచీలో పక్కనుండేది హిందూ, ముస్లిం పిల్లలే కాబట్టి, నేను మానలేదు.